స్టాండ్‌బై... ఎవరి పక్కన?

ఆ వేసవిలో మా అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే బల్ల దగ్గర కూచుని తింటూ, ఉప్పు కావాలంటే వదినని అడిగేవాడు. వదిన నన్ను అడిగేది. నేను వదిన చేతికిచ్చేదాన్ని. నా చెయ్యి చాపితే అందేంత దూరంలో అన్నయ్య కంచం.

ఇంతకీ కారణం ఏమిటంటే, ఒక అట్టబోర్డు మీద ఎక్కువైపోయిన ఇంగ్లీషు ముక్క. చాలా చిన్న ముక్క. ‘ఆర్’.

మాది గాజుసీసాల ఫ్యాక్టరీ. అన్నయ్య మిషన్ మనిషి. పెద్దపొయ్యిలోంచి ఎర్రగా జారే గాజుముద్ద అచ్చులో పడి సీసాగా మారే చోట నిలబడేవాడు. ఆ సెగకి కనుబొమలు ఎప్పుడూ సగమే ఉండేవి. నేను చెకింగులో. తెల్లటి లైటు ముందు నుంచి సీసాలు బారుగా సాగిపోతుంటే బుడగ ఉన్నదాన్నీ, పగులు ఉన్నదాన్నీ ఏరి పారేయడం నా పని. కాకపోతే అన్నయ్య పర్మనెంటు. నేను స్టాండ్‌బై.

స్టాండ్‌బై అంటే గేటు లోపల రేకులషెడ్డు కింద బెంచీ మీద కూచోవాలి. లోపల ఎవరైనా రాకపోతే పిలుస్తారు. అందరూ వస్తే వచ్చిన దారినే ఇంటికి పోవాలి. పొద్దున్నే షెడ్డు మూలనున్న మైకు గరగరలాడేది. “స్టాండ్‌బైస్, స్టాండ్ బై!” మా బతుకు మొత్తం ఆ ఒక్క కేకలో ఉండేది.

ఇంట్లోనూ నా పేరు అదే. “ఒసే స్టాండ్‌బై, కరెంటు పోయింది. వెలుగు!” అని ఎమర్జెన్సీ లైటుని పిలిచినట్టు చీకట్లో అన్నయ్య కేకేస్తే వదిన పడీపడీ నవ్వేది.

వదిన మా ముందుగదిలో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేది. బట్టలషాపు వాళ్ళు, ఒక నర్సు, వెనక కుర్చీలో నేను. ఆ సాయంత్రం పాఠం ఇప్పటికీ నా చెవిలో ఉంది.

“ఇంగ్లీషు క్రియలకి తోకలుంటాయి,” అంది వదిన. “తోక మారితే జంతువే మారిపోతుంది. స్టాండ్ అంటే నిలబడటం. స్టాండ్ డౌన్ అంటే తప్పుకోవడం. ఇక ఈ స్టాండ్ బై ఉందే, ఇది మహా టక్కరిది.”

“ఒక మాటకి ఒకే అర్థం ఉంటే వాళ్ళ సొమ్మేం పోయింది మేడమ్?” నర్సు విసుక్కుంది.

“మరి మన పడు సంగతేంటమ్మా? నిలబడు, తిరగబడు, ఎగబడు, బయటపడు. అసలు నిలబడటంలో పడటం ఎందుకుంది? ఎప్పుడన్నా అడిగావా?”

నర్సు ఆ నాలుగు మాటలూ పుస్తకంలో రాసుకుంది.

“స్టాండ్ బై తర్వాత మనిషి ఉన్నాడా లేడా చూడండి. ఐ స్టాండ్ బై హిమ్. మనిషి ఉన్నాడు కాబట్టి వాడికి అండగా నిలబడ్డాను, ఏమొచ్చినా వదలను అని. మనిషి లేకుండా ఉత్తినే స్టాండ్ బై అంటే పిలిచేదాకా కాచుకో అని. లేదా, ఏం జరుగుతున్నా చేతులు కట్టుకుని చూస్తూ ఉన్నాడని. అందుకే ఈ మాట వినబడగానే ఒక ప్రశ్న వేసుకోండి. ఎవరి పక్కన?” అని నావైపు చూసి కన్నుగీటింది. “మా ఆడపడుచు ఉద్యోగంలో ఆ మనిషి లేడు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరికన్నా ముందు ఆపేసింది కూడా నేనే.

ఎండలు ముదిరే వేళకి కొత్త డైరెక్టర్ దిగాడు. తెలుగు ముక్క రాదు. వస్తూనే మిషన్‌కి ఇద్దరు ఎందుకు, ఒకడు చాలన్నాడు. ఇద్దరుంటే ఒకడు నీళ్ళు తాగొచ్చేదాకా రెండోవాడు చూసుకునేవాడు. ఒక్కడైతే గొంతెండినా కదలడానికి లేదు. వారం తిరక్కుండా అన్నయ్య పక్క మిషన్ మీది పెద్దాయన నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. గాజుముద్దకి జానెడు దూరంలో పడ్డాడు. బతికాడు గానీ, ఆయన్ని మోసుకొచ్చిన అన్నయ్య ఇంటికొచ్చి చాలాసేపు తన చేతులు చూసుకుంటూ కూచున్నాడు.

మర్నాడు మిషన్ మనుషులంతా చేతితొడుగులు తీసి వరసగా మిషన్ల మీద పెట్టి గేటు బయటికి వచ్చేశారు. పొయ్యి చూసుకునే కొద్దిమందిని మాత్రం ఇరుపక్షాల ఒప్పందం మీద లోపలే ఉంచారు. పొయ్యిలో గాజు చల్లారితే బండరాయి అయిపోతుంది. తర్వాత సమ్మె చెయ్యడానికి ఫ్యాక్టరీయే ఉండదు.

డైరెక్టర్ ఎత్తు తొందర్లోనే తెలిసింది. స్టాండ్‌బైలకి నాలుగు రోజులు పని నేర్పి మిషన్ల మీద నిలబెడతాడట. అలా నిలబడినవాళ్ళే ఇక పర్మనెంటు. బయటున్నవాళ్ళు బయటే.

స్టాండ్‌బైలమంతా టీకొట్టు వెనక చేరాం.

“మనకేంటే?” అంది కోయిల. దాని గొంతు మైకుని మించి వినిపిస్తుంది గనక ఆ పేరు. మా అందరికన్నా ముందు నుంచీ బెంచీ మీద ఉన్నది అదే. “ఆ రేకుల కింద కూచుని కూచుని నేను బెంచీకి అతుక్కుపోయా. వాళ్ళు లోపలికి పోతూ ఏనాడన్నా మనవైపు చూశారా?”

“చూళ్ళేదు,” అన్నాను. “కానీ ఇవాళ మిషన్ దగ్గర ఒక్కణ్ణి చేసినవాడు రేపు మనల్ని ఊరికే వదులుతాడా? నాలుగు లైన్ల లైట్ల ముందూ నువ్వొక్కదానివే తిరుగుతావు. పర్మనెంటుగా.”

కోయిల నా దగ్గరికి జరిగింది. “అయితే ఏం చేద్దామంటావ్?”

“బోర్డు పట్టుకుందాం. ఇంగ్లీషులో. డైరెక్టర్‌కి సూటిగా అర్థమయ్యేలా. మధ్యలో తేనెసీసా అవసరం లేకుండా.”

తేనెసీసా అంటే పర్సనెల్ ఆఫీసర్. డైరెక్టర్ మాటల్ని మాకు తెలుగులో చెప్పేది ఆయనే. ఎంత చేదునైనా తియ్యగా పోస్తాడు.

బోర్డులు రాసే బాబాయ్ దగ్గరికి నేనే వెళ్ళాను. దుకాణం బయట లారీలు హోరెత్తిస్తున్నాయి. “వి స్టాండ్ బై వర్కర్స్,” అని గట్టిగా అరిచి చెప్పాను. ఆయన తెల్లటి అట్ట మీద ఎర్రరంగుతో ముత్యాల్లాంటి అక్షరాలు దించాడు. మధ్యలో ఆగి కుంచె చెవిలో దోపుకున్నాడు.

“ఇందులో ఆర్ పడాలమ్మా.”

“ఎందుకు బాబాయ్?”

“స్టాండ్‌బై వర్కర్స్ అంటే మీరేగా? మీ షెడ్డు బోర్డు రాసింది నేనే. వి తర్వాత ఆర్ లేకపోతే వాక్యం కుంటుతుంది. రాసేది నేనైతే నవ్వులపాలయ్యేది నేనే.”

అంత ధీమాగా చెబితే నాకూ ఆర్ ఉంటేనే నిండుగా ఉందనిపించింది. సరే అన్నాను. ఆయన స్టాండ్‌నీ, బైనీ కలిపి ఒకే మాటగా రాసి, ఆరుసార్లు వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాడు.

వి ఆర్ స్టాండ్‌బై వర్కర్స్.

గేటు ముందు ఆ బోర్డు పట్టుకుని గంటసేపు నిలబడ్డాం. ఎవరో ఫోటో తీశారు. చేతులు ఊపాం.

మర్నాడు పేపర్లో మా ఫోటో వచ్చింది. కింద కంపెనీ మాట: ‘మేం సిద్ధమని స్టాండ్‌బై కార్మికులే ముందుకొచ్చారు. త్వరలో ఉత్పత్తి మొదలు.’

అన్నయ్య పేపరు మడిచి నా కంచం పక్కన పెట్టాడు.

“ఇది తప్పు పడింది అన్నయ్యా. మేం రాయాలనుకున్నది...”

“మీ వదిన క్లాసులో రోజూ కూచునేదానివి. ఆ మాత్రం తెలీదా?”

“బోర్డుల బాబాయ్ ఆర్ పెట్టాడు.”

“చాల్లే. పర్మనెంటు కావాలనుంటే నా మొహం మీద చెప్పు. ఇంగ్లీషు చాటున ఎందుకు?”

అప్పటికి అన్నయ్య నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే. ఆ తర్వాత ఉప్పు వదిన చేతుల మీదుగా వెళ్ళడం మొదలైంది.

సమ్మె టెంటు దగ్గరికి వెళ్ళి చెప్పబోయాను. “బోర్డు మీదున్నది అబద్ధమా?” అనడిగారు. ఏమని చెప్పను? మేం స్టాండ్‌బై వర్కర్లమే. అందులో అక్షరం అబద్ధం లేదు.

వదిన ఫోటో చూసి ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. “తప్పు రాసుంటే దిద్దొచ్చు. ఇది తప్పు లేని వాక్యం. దీన్నెలా దిద్దుతావే?”

రెండు రోజులకి తేనెసీసా మా ఇంటికే వచ్చాడు. అన్నయ్య టెంటు దగ్గర ఉండే టైము చూసుకునే వచ్చాడు. ముందుగదిలో క్లాసు కుర్చీలో ఇరుక్కుని కూచుని వదిన ఇచ్చిన నీళ్ళు మర్యాదగా తాగాడు.

“సోమవారం పొద్దున గేటు దగ్గరికి బస్సు వస్తుందమ్మా. నువ్వు ముందు ఎక్కితే మిగతావాళ్ళు వెనకే ఎక్కుతారు. నీకు చెకింగు లైన్ మొత్తం అప్పగిస్తాం. లైన్ ఇన్‌ఛార్జి.”

నా గుండె ఒక్కసారి ఎగిరిపడింది. అబద్ధమెందుకు, ఎగిరిపడింది. ఆ లైటు వెనక, గాజు కేబిన్‌లో, ఫ్యాను కింద కూచున్న నేను కనిపించాను.

“మరి మా అన్నయ్య?”

“మీ అన్నయ్యకేం, బంగారంలాంటి మనిషి. ఎక్కడైనా బతుకుతాడు.”

“ఇక్కడ తప్ప,” అంది వదిన గుమ్మంలోంచి.

ఆయన తియ్యగా నవ్వాడు. “మేడమ్ గారూ, మీ ఆడపడుచు బోర్డు పట్టుకుని మరీ చెప్పింది. ఆవిడ మాట మీద ఆవిణ్ణి నిలబడనివ్వండి.”

“నిలబడతాను సార్,” అన్నాను. “సోమవారం వస్తాను.”

ఆయన వెళ్ళాక వదిన నావంక అదోలా చూసింది. “వస్తానన్నావేంటే?”

“వస్తానన్నా. ఎక్కుతానన్లేదు.”

“ఓహో,” అంది వదిన. “నీకూ తోకలు మొలుస్తున్నాయ్.”

సోమవారం గేటు ముందు ఇసకేస్తే రాలని జనం. ఒకవైపు సమ్మె వాళ్ళు, అందులో మా అన్నయ్య, చేతులు కట్టుకుని. ఎదురుగోడ మీద బోర్డుల బాబాయ్ సమ్మె నినాదాలు రాస్తున్నాడు. నా సంగతి తెలిసినప్పట్నుంచీ డబ్బు తీసుకోకుండా రాసిపెడుతున్నాట్ట. నన్ను చూసి తల దించుకున్నాడు. మధ్యలో బస్సు, తలుపు తెరుచుకుని. మేం బస్సు పక్కన. ఆ పాతబోర్డు నా చంకలో.

“అది కూడా తెచ్చావా? సిగ్గులేదూ?” అని జనంలోంచి ఎవరో అరిచారు.

డైరెక్టర్ స్టూలెక్కి మైకు అందుకున్నాడు. మావైపు చూసి చెయ్యెత్తాడు. “థాంక్యూ ఫర్ స్టాండింగ్ బై!”

తేనెసీసా మైకు లాక్కున్నాడు. “ఇన్నాళ్ళూ సమ్మెని కాదని, కంపెనీకి అండగా నిలబడినందుకు డైరెక్టర్ గారు మీకు ధన్యవాదాలు చెబుతున్నారు!”

సమ్మె వాళ్ళు ఒక్కసారిగా గోల పెట్టారు. అన్నయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు.

నేను మాత్రం ఆ ఇంగ్లీషు మాటనే మనసులో మళ్ళీ చదువుకున్నాను. కంపెనీకా? డైరెక్టర్ ఆ మాటే అనలేదు. ‘బై’ తర్వాత మనిషి లేడు, కంపెనీ లేదు, ఏమీ లేదు. కాచుకుని కూచున్నందుకు థాంక్స్ చెప్పాడంతే. ఆ ఖాళీలో తేనెసీసా తనకి కావల్సినదాన్ని కూచోబెట్టాడు. ఖాళీ ఉంటే ఎవడైనా కూచోబెడతాడు.

ఎవరి పక్కన?

ఎలాగూ ద్రోహులనే ముద్ర పడిందిగా అనుకుందేమో, అప్పటికే కోయిల బస్సు మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. దాని వెనక నలుగురు కదిలారు. ఒక్కతి ఎక్కితే బస్సు నిండిపోతుంది. నేను పరిగెత్తాను. బస్సువైపు కాదు, గోడవైపు.

“బాబాయ్, కుంచె!”

“ఏ రంగమ్మా?”

“నలుపు!”

బోర్డుని నేలమీద పడేసి మోకాళ్ళ మీద కూచున్నాను. ‘ఆర్’ మీద అడ్డంగా నల్లటి పట్టీ గీశాను. మూడు అక్షరాలూ మునిగిపోయాయి. తర్వాత స్టాండ్‌కీ, బైకీ నడుమ నిలువుగా ఒక గీత కిందకి లాగాను. అంతే పని. లేచి బోర్డుని తలమీదకి ఎత్తాను. రంగు చేతుల మీదుగా మోచేతుల దాకా కారింది.

వి స్టాండ్ బై వర్కర్స్.

డైరెక్టర్ చదివాడు. ఆయన పెదాలు కదలడం నాకు కనిపించింది. తేనెసీసా ఏదో చెవిలో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. మొట్టమొదటిసారి ఆయనకి తర్జుమా అక్కర్లేకపోయింది.

“ఏంటమ్మా ఆ రాత? తప్పు ఇంగ్లీషు!” తేనెసీసా మైకులోనే అరిచాడు.

“ఒక్క ‘ద’ తక్కువైందండీ!” జనంలోంచి వదిన గొంతు. “మిగతాదంతా కరెక్టే!”

కోయిలకి ఇంగ్లీషు చదవడం రాదు. మెట్టుమీద నిలబడి వెనక్కి తిరిగి చూసింది. “ఏం రాశావే?”

“వాళ్ళ పక్కన అని!”

అది నన్ను చూసింది. తెరిచి ఉన్న తలుపుని చూసింది. లోపల వరసగా ఖాళీసీట్లు, కిటికీ పక్కవి కూడా. తర్వాత అది కాలు వెనక్కి తీసుకుంది. దిగింది. చీరకుచ్చిళ్ళు ఒకసారి దులుపుకుని, మైకు సిగ్గుపడేలా ఒక్క కేక పెట్టింది.

“మేం వాళ్ళ పక్కనే! బస్సు తీసేయండయ్యా, దారికడ్డం!”

డ్రైవరు డైరెక్టర్ వంక చూశాడు. డైరెక్టర్ స్టూలు దిగాడు. బస్సు ఎలా వచ్చిందో అలాగే, ఖాళీగా, వెనక్కి వెనక్కి జరుగుతూ పోయింది.

గాలికి బోర్డు ఒకవైపు ఒరిగింది. ఎవరో వచ్చి బోర్డుకి అటువైపు పట్టుకున్నారు. సగం కాలిన కనుబొమలు.

“రంగు ఆరలేదు,” అన్నాడు అన్నయ్య. “బట్టలకంటుకుంటుంది. ఎత్తి పట్టుకో.”

ఇద్దరం ఎత్తి పట్టుకున్నాం.

వానలు మొదలయ్యేసరికి సమ్మె ముగిసింది. మిషన్‌కి ఇద్దరు మనుషులు మళ్ళీ వచ్చారు. మా సంగతి మాత్రం ఎక్కడిదక్కడే. రేకులషెడ్డు, అదే బెంచీ. కాకపోతే లోపలికెళ్ళే మిషన్ మనుషులు ఇప్పుడు షెడ్డు ముందు ఆగి పలకరించి వెళ్ళేవాళ్ళు. బోర్డుల బాబాయ్ సిమెంటు గోడకి మా బోర్డు మేకు కొట్టి తగిలించాడు. ‘ద’ కూడా రాసిస్తానన్నాడు. ఆయన్ని కుంచె పట్టనివ్వలేదు నేను.

పని మొదలైన పొద్దున మైకు ఎప్పట్లాగే గరగరలాడింది.

“స్టాండ్‌బైస్, స్టాండ్ బై!”

ఎవరు ముందు అన్నారో తెలీదు. బెంచీలన్నీ ఒక్కసారి లేచాయి.

“ఎవరి పక్కన?”

మైకు నోరు పడిపోయింది. లోపల్నుంచి, మిషన్ల హోరు మీదుగా, “మా పక్కన!” అని కేక వచ్చింది. అందులో అన్నయ్య గొంతు నేను పోల్చుకున్నాను.

రోజూ అంతే. మైకు అనడం, మేం అడగడం, లోపలివాళ్ళు చెప్పడం. వారం భరించాడు తేనెసీసా. ఆ తర్వాత మైకులో ఆ మాట మాయమైపోయింది. దాని బదులు తేనె కారేలా ఒక ఆడగొంతు: “ప్లీజ్ వెయిట్.”

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే అన్నయ్య పొలమారేలా నవ్వాడు. “గెలిచావే స్టాండ్‌బై! ఉప్పందుకో.”

అందించాను, నేరుగా.

వదిన మాత్రం నవ్వలేదు. కంచం పక్కకి జరిపి, పాఠానికి కూచున్నట్టు సర్దుకుంది.

“వెయిట్ అన్నారా? దానికీ తోకలున్నాయ్. ఇలా రా, చెప్తా.”